ఆరు వందల గజాల న్యాయం



ఏటా డిసెంబరు 14న జాతీయ ఇంధన పొదుపు దినోత్సవం జరుపుతారు. ఆ వారమంతా బడుల్లో వ్యాసరచన పోటీలు. అక్కర లేనప్పుడు దీపాలార్పాలి, పంకాలు ఆపాలి అని పిల్లలు ముత్యాల్లాంటి అక్షరాలతో వ్రాస్తారు. ఉద్యోగకాలంలో అటువంటి కాగితాలు కట్టలకొద్దీ దిద్దాను. ఇంటికప్పు ఊసు ఒక్కదానిలోనూ కనబడలేదు. పిల్లలనేమీ అనను. డిసెంబరులో వరంగల్లులో పంకా తిరిగే ఇల్లెక్కడిది? ఆ ఉపన్యాసాలేవో మే నెల మిట్టమధ్యాహ్నం, పై పోర్షనులో కిరాయికున్నవారి గదిలో పెడితే వక్తలకు విషయం తామంత తామే బోధపడేది.

మన భాషలో కప్పు అంటే కప్పేది. ఎండను, వానను ఇంటివారికి అడ్డుపెట్టేది. మట్టి పెంకులు, వాటి కింద అటక, నడుమ నిలిచిన గాలి - ఇవన్నీ కలిసి వేడిని పైనే ఆపేవి. వట్టి కాంక్రీటు స్లాబు వానను ఆపుతుంది, ఎండను దాచుకుంటుంది. పగలంతా తాగిన వేడిని రాత్రి పదకొండు దాకా మంచం మీదికి వదులుతుంది. పెంకుటిళ్ళు విడిచినవారిని నిందించబోను. కోతుల సంగతి మన ఊరివారికి వేరే చెప్పాలా? స్లాబు పోసుకోండి. దానిని ఎండకు అప్పగించి ఊరుకోవడమే నా అభ్యంతరం.

ఈ మాట సర్కారుకు తెలియక కాదు. 2018లో, సరిగ్గా ఆ డిసెంబరు 14నే, కేంద్రం నివాసగృహాలకై 'ఎకో నివాస్ సంహిత' వెలువరించింది. (సంహిత అన్న పదాన్ని తెచ్చి 'ఎకో'కు ముడిపెట్టినవారి భాషాభిరుచిని గూర్చి మరొక టపాలో.) కప్పు గుండా చదరపు మీటరుకు, ఒక్కొక్క డిగ్రీ వ్యత్యాసానికి 1.2 వాట్లకు మించి వేడి దిగరాదని అందులో ఉంది. మనం పోసే వట్టి స్లాబు దీనికి రెండింతలకు పైగా దించుతుంది. నియమం బంగారమే. కాని అది 500 చదరపు మీటర్లు, ఆపై స్థలంలో కట్టే ఇళ్ళను ఉద్దేశించినది. 2023 ఏప్రిల్‌లో మన రాష్ట్రం చల్లని పైకప్పుల విధానం ప్రకటించింది. నివాసగృహాల విషయంలో అందులోనూ నిర్బంధం 600 గజాలు, ఆపైన. గజాల్లోకి మార్చి చూడండి, రెండూ ఒకే గీత.

ఆరు వందల గజాల ఆసామి ఎవరండీ? చుట్టూ చెట్లు, కింద రెండు కార్లు, గదికొక ఏసీ ఉన్నవాడు. కరీమాబాదు సందుల్లోనో, కాజీపేటలోనో నూటయాభై గజాల్లో రెండంతస్తులు లేపినవాడు ఐచ్ఛికం కిందికి వస్తాడు. ఇక ఆ పై పోర్షనులో ఉండేవాడు ఏ కిందికీ రాడు. స్లాబు యజమానిది, కరెంటు బిల్లు కిరాయిదారుది. సున్నం డబ్బు పెట్టవలసినవాడికి చెమట పట్టదు. చెమట పట్టేవాడికి డాబా తాళంచెవి దక్కదు. ఐచ్ఛికమనే మాట ఇక్కడ ఎవరి ఇచ్ఛను గూర్చి?

గృహజ్యోతి లెక్క కూడా చూడండి. 2024 మార్చి నుంచి అర్హులైన కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల లోపు వాడకానికి బిల్లు లేదు. దాటితే మొత్తం కట్టవలసిందే. 200 వాట్ల కూలరు రోజుకు పది గంటలు తిరిగితే నెలకు 60 యూనిట్లు. 75 వాట్ల పాత పంకాలు రెండు, రాత్రింబవళ్ళు ఇరవై గంటలు తిరిగితే 90. టీవీ, ఫ్రిజ్, మోటారు ఇంకా లెక్కలోకి రాలేదు. ఆ పంకాల స్థానంలో 30 వాట్ల బీఎల్‌డీసీవి పెడితే 90 కాస్తా 36 అవుతుంది. కూలరు తిరిగే గంటలను మాత్రం స్లాబే నిర్ణయిస్తుంది. అంటే మే నెలలో ఆ ఇంటికి సున్నా బిల్లు వస్తుందా రాదా అన్నది యజమాని డాబా రంగు మీద ఆధారపడి ఉన్నది!

చిన్న యజమానిని చట్టంతో పీడించరాదని కొందరు మిత్రులు వాదిస్తారు. ఏమి పీడన? తెల్లసున్నంలో కాస్త జిగురు కలిపి రెండు పూతలు వేయడం ఏ వాస్తుశిల్పీ రానక్కరలేని పని. గదిలో రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. వానలకు కడుక్కుపోతుంది, నిజమే. ఏటా మార్చిలో మళ్ళీ వేయాలి. పండుగకు ముందుగోడకు రంగు వేయించేవారికి ఇది భారమంటే నమ్మను. వీధికి కనబడే గోడకు ఉన్న భాగ్యం కప్పుకు లేదు, అంతే. అయిదు నక్షత్రాల ఏసీ కొని కాగిన పెనం కింద బిగించుకుంటారు కాని, పెనాన్ని ఎండ నుంచి తప్పించరు.

2020 నాటి టీఎస్-బీపాస్ చట్టం చిన్న స్థలాల వారికి స్వీయ ధ్రువీకరణతోనే అనుమతి ఇచ్చింది. ఇంటి చుట్టూ ఇంత ఖాళీ వదిలానని యజమాని తానే వ్రాసి ఇస్తే ప్రభుత్వం నమ్మింది. ఆ కాగితంలో కప్పును గూర్చి ఒక్క వాక్యం చేర్చడానికి ఏమడ్డం? తెల్లపూత వేయిస్తాను, లేదా వెలిసిన పెంకులు పరిపిస్తాను, కిరాయికిస్తే ఏటా పూత నాదే బాధ్యత - ఇంతే. నూటయాభై గజాల వాడికీ, ఆరు వందల గజాల వాడికీ అదే వాక్యం.