గుర్రానికి బండి

ఈ నెల గుర్రపు బండిని గురించి వ్రాస్తామని చెప్పగానే సంపాదకులవారు కళ్ళజోడు సవరించుకుని, "జట్కాలు పోయి యెన్నాళ్ళయిందండీ!" అన్నారు. జట్కా కాదు మహాప్రభో! గుర్రం లాగే బండి కాదు, గుర్రం యెక్కే బండి. అమెరికాలో దానిని హార్స్ ట్రైలర్ అంటారు. మోటారు వెనుక తగిలించి, అందులో గుర్రాన్ని నిలబెట్టి ఊళ్ళు తిప్పుతారు. మా తాతగారు హోసూరులో రెండు జట్కాలతో సంసారం ఈదిన మనిషి. గుర్రాన్ని బండిలో యెక్కించి మనిషి తోలుకుపోతాడని ఆయనతో అని ఉంటే, మా తలకు నిమ్మకాయ రుద్దించి ఉండేవారు.

కిందటి యేడు ఆరు నెలలు టెక్సాసులో మా అమ్మాయి యింట ఉన్నాము. మనుమరాలికి పదిహేనేళ్ళు. దానికొక గుర్రం ఉంది. పందెపు గుర్రమేమీ కాదు; పదిహేడేళ్ళ ఆడగుర్రం. యెవరో పెద్దావిడ తనకు ఓపిక చాలక చవుకగా యిచ్చింది. ఊరి బయట ఒక లాయంలో నెలకింత అని అద్దె కట్టి ఉంచారు. ఆ అద్దె సంగతి విని మేము రెండు రోజులు మాట్లాడలేదు.

ఒక రాత్రి పదకొండు గంటలకు లాయం నుంచి ఫోను వచ్చింది. గుర్రానికి శూల పట్టింది. గుర్రానికి మనకు వలె వాంతి కాదు. కడుపులో పట్టినది పట్టినట్లే ఉంటుంది. అది కాలితో నేల గీరుతూ, మాటిమాటికీ డొక్కల వైపు తిరిగి చూసుకుంటూ, పడి దొర్లుతూ ఉంది. వైద్యుడు వచ్చి సూది వేసి, గంటలో నెమ్మదించకపోతే ఆస్పత్రికి చేర్చమన్నాడు. చేర్చడం యెలా? మా వాళ్ళకు ట్రైలరు లేదు. ఆ వేళ నిద్ర లేపి అడగదగిన వాళ్ళను నలుగురిని లేపి అడిగారు. నాలుగో పుణ్యాత్ముడు ఒంటిగంటన్నరకు తన ట్రైలరు తెచ్చాడు. తెల్లవారేసరికి గుర్రం గండం గడిచింది. ఆస్పత్రి గడ్డిలో కూర్చున్న మనుమరాలు, "తాతయ్యా, ఆయన కూడా ఫోను తీయకపోతే?" అని అడిగింది. మేము దాని తల నిమిరి ఊరుకున్నాము.

మర్నాడే అల్లుడు ట్రైలరు కొనాలని నిశ్చయించాడు. కొత్తదంటే కారు ఖరీదు. కాబట్టి పాతదే.

మొదట చూసినది పెళ్ళికూతురులా ఉంది. తెల్లని రంగు, నీలపు చారలు, లోపల సరికొత్త రబ్బరు చాపలు. అడిగినది 4,800 డాలర్లు. అల్లుడు చుట్టూ రెండుసార్లు తిరిగి, తలుపులు వేసి తీసి, దీపాలు వెలిగించి చూసి సంతోషించాడు. మేము మాత్రం "చాపలు యెత్తించు బాబూ" అన్నాము. "బాగుండదండీ మామయ్యగారూ, ఆయన యేమనుకుంటాడో" అని నసిగాడు. ఆ చాపలు ఇద్దరు పట్టితేగాని లేవవు, అమ్మేవాడికేమో తొందరగా ఉంది. మొహమాటం యిక్కడా అక్కడా ఒక్కటే సుమండీ!

మా తాతగారు వారానికొకసారి జట్కా కింద వెల్లకిలా పడుకుని ఇరుసు నుంచి పలక దాకా గోరు గుచ్చి చూసేవారు. పై రంగు యెక్కేవాడికి, కింది చెక్క తోలేవాడికి అనేవారు. ఆ పిచ్చి మాకూ కొంత వచ్చింది. ఇంతకూ చాప లేచింది. కింద పలకలు నల్లగా, తడిగా ఉన్నవి. అల్లుడి స్క్రూడ్రైవరు తీసుకుని గోడ వారన ఉన్న పలకలో గుచ్చితే, వెన్నలో దిగినట్లు పిడి దాకా దిగింది. అమ్మేవాడు ఆకాశం వైపు చూశాడు.

చదువరులు ఒక్క క్షణం ఆలోచించండి. గుర్రం బరువు సుమారు 500 కిలోలు. అదంతా నాలుగు గిట్టల మీద, పలకల మీద పడుతుంది. గంటకు అరవై మైళ్ళ వేగంతో పోతుండగా పలక విరిగితే గుర్రం కాలు రోడ్డుకు తగులుతుంది. ముందు కూర్చుని తోలేవాడికి అది వినపడదు. అలా జరిగిన సంగతులు అక్కడి గుర్రాల వాళ్ళు గొంతు తగ్గించి చెప్పుకుంటారు. చెక్కకు శత్రువు వానకంటె గుర్రపు మూత్రం. అది చాప కిందికి జారి, ఆరే దారి లేక, పలకల అంచులను తినేస్తుంది. అల్యూమినియం నేల అయితే మేలని కొందరంటారు గాని, మూత్రం దానినీ గుంటలు గుంటలుగా కొరుకుతుంది. చెక్క అయితే పది డాలర్ల స్క్రూడ్రైవరుతో బండారం బయటపడుతుంది, పాడైన పలక మార్చుకోవచ్చు. మా ఓటు చెక్కకే. పలకలను మోసే అడ్డ ఇనుములు కూడా కింద పడుకుని చూడాలి. తుప్పు పెచ్చులుగా రాలితే ఆ బండిని దేవుడికి వదిలేయండి.

రెండోది ఒక ముసలి రైతుది. చూడబోతే దిష్టిబొమ్మ. రంగు వెలిసిపోయింది, ఒక పక్క సొట్ట. ఆయన మేము అడగకముందే చాపలు యీడ్చి పడేసి, "ఈ రెండు పలకలూ కొత్తవి, ఆ మూలది యేడాదిలో మార్చాలి, టైర్లు పనికిరావు" అని వరుసగా చెప్పాడు. టైర్ల మీద గీతలు లోతుగానే ఉన్నవి. కాని టైరు పక్క డి.ఓ.టి. అనే అక్షరాల తరువాత వరుస చివర నాలుగు అంకెలు ఉంటవి. మొదటి రెండూ వారం, తరువాతి రెండూ సంవత్సరం. ఈ టైర్ల మీద 2314 అని ఉంది. అనగా 2014 లో ఇరవై మూడో వారంలో పుట్టినవి. ట్రైలరు యెక్కువ కాలం యెండలో ఊరికే నిలబడి ఉంటుంది గనుక దాని టైర్లు అరిగి చావవు, యెండి చస్తవి. ఐదారేళ్ళు దాటితే మార్చవలసినదే. ఆ లెక్క తీసి 3,600 డాలర్లకు బేరం కుదిరింది. కాగితంలోని నంబరూ ఇనుము మీది నంబరూ ఒకటేనా అని మా అమ్మాయి రెండుసార్లు చూసింది. ఆ జాగ్రత్త వాళ్ళ అమ్మది.

కొన్న తరువాత తెలిసిన విషయాలు యింకా ఉన్నవి. లాగే మోటారు వెనుక ఇనుప గుండు ఒకటి, దాని మీద కూర్చునే టోపీ ట్రైలరుకు. గుండ్లలో రెండంగుళాలది ఉంది, రెండంగుళాల అయిదు పదహారో వంతుది ఉంది. పెద్ద టోపీలో చిన్న గుండు పెట్టినా చూపుకు కూర్చున్నట్లే ఉంటుంది, గతుకులో యెగిరి ఊడిపోతుంది. తాళం వేసిన తరువాత ట్రైలరు జాకీ కొంచెం పైకి తిప్పితే మోటారు వెనుక భాగం కూడా లేవాలి. లేవకపోతే పట్టు పడలేదన్నమాట. టెక్సాసులో మామూలు వేగంతో పోయే ట్రైలరు మొత్తం బరువు 4,500 పౌండ్లు దాటితే దానికి సొంత బ్రేకులు ఉండాలి. ఒకవేళ తెగిపోతే తనంతట తాను బ్రేకు వేసుకునేందుకు చిన్న బ్యాటరీ ఒకటి ఉంటుంది. మా ముసలి బండిలో అది యెప్పుడో చచ్చిపోయి ఉంది. కొత్తది వేసి, తాడు లాగి, చక్రాలు బిగుసుకున్నవని చూశాకనే మేము గుర్రాన్ని యెక్కనిచ్చాము. యేడాదికొకసారి బేరింగులు విప్పి కడిగి గ్రీజు పెట్టాలి. మా తాతగారి కందెనే అది, డబ్బా మారింది.

ఇంకొక చమత్కారం. ఒక్క గుర్రమే అయితే దానిని యెడమ గదిలో నిలబెడతారు. అక్కడ బండ్లు రోడ్డుకు కుడి పక్కన పోతవి. రోడ్డు నడుమ యెత్తు, అంచు వాలు గనుక బరువు నడిమి వైపు ఉండడం మేలు. మన దేశంలో అయితే కుడి గది అన్నమాట. యెక్కించేటప్పుడు వెనుక అడ్డకడ్డీ వేసిన తరువాతనే తల కట్టాలి. దించేటప్పుడు ముందు తల విప్పి, ఆ తరువాత కడ్డీ తీయాలి. తల కట్టి ఉండగా వెనుక దారి తెరిస్తే గుర్రం వెనక్కి తన్నుకుని మెడ విరుచుకుంటుంది. మనుమరాలు ఈ వరుస మాకు అప్పగించుకుంది, ఎక్కాలు ఒప్పగించినట్లు. కందిరీగలు గూళ్ళు పెడతవి గనుక యెక్కించేముందు లోపల తొంగి చూడాలనేది మా ఆవిడ చేర్చిన సూత్రం. ఆమెకు అది స్వానుభవం.

మేము తిరిగి వచ్చేముందు మనుమరాలితో ఒక ఒప్పందం చేసుకున్నాము. ప్రయాణం అయిన ప్రతిసారీ పేడ ఊడ్చి నీళ్ళతో కడగడం, నెలకొకసారి చాపలు యెత్తి గోడకు ఆనించి పలకలు ఆరనివ్వడం, స్క్రూడ్రైవరుతో మూల మూలా గుచ్చి చూడడం, ఆ పలకల ఫోటో తీసి బెంగుళూరుకు పంపడం. యిప్పటికి తొమ్మిది ఫోటోలు వచ్చినవి. మూల పలక మార్చినట్లు అయిదోదానిలో కనిపించింది. కొత్త చెక్క పసుపుపచ్చగా, పక్కవాటి మధ్య కొత్తకోడలిలా ఉంది. గుర్రం ఫోటో మాత్రం యెప్పుడూ పంపదు. అడిగితే, "అది బాగానే ఉంది తాతయ్యా, నువ్వడిగింది నేల కదా" అంటుంది.

ఈ నెలది యింకా రాలేదు. పరీక్షలంటున్నారు. ఆదివారం ఫోనులో అడగాలి.