ముద్ద దిగకపోతే వైద్యం గాడి తప్పుతుంది

నోటికి, గొంతుకు రేడియేషన్ మొదలైన రెండో వారం దాటేసరికి చాలామందికి తిండి దగ్గరే అసలు కష్టం మొదలవుతుంది. నోరు ఎండిపోతుంది. ఉప్పేదో తీపేదో నాలుక పోల్చుకోలేదు. బుగ్గల లోపల పొర లేచిపోయి పుండ్లు పడతాయి. మెత్తగా పిసికి నెయ్యి వేసిన పప్పన్నం ముద్ద కూడా గొంతు దిగేటప్పుడు కళ్లనీళ్లు తెప్పిస్తుంది. 'కరెంటు పెడుతున్నారు కదా, ఆమాత్రం ఉంటుందిలే' అని ఇంట్లోవాళ్లు సరిపెట్టుకుంటారు. ప్రమాదమంతా ఆ సరిపెట్టుకోవడంలోనే ఉంది.

ఈ చికిత్స సాధారణంగా ఆరేడు వారాలు, వారానికి అయిదు రోజుల చొప్పున సాగుతుంది. తిండి లేక నీరసించి నాలుగు రోజులు మానేస్తే ఆ నాలుగు రోజులూ కణితికి కోలుకునే గడువు ఇచ్చినట్టే. తల, మెడ క్యాన్సర్లలో చికిత్స ఆలస్యమైన ఒక్కో రోజుకూ కణితి అదుపులోకి వచ్చే అవకాశం సుమారు 1 శాతం తగ్గుతుందని అంచనా. ఇంకో చిక్కూ ఉంది. తల కదలకుండా ముఖానికి సరిగ్గా అచ్చుపోసిన మాస్కు బిగించి కిరణాలు ఇస్తారు. బుగ్గలు పీక్కుపోతే ఆ మాస్కు వదులవుతుంది, గురి చెదరొచ్చు. అప్పుడు మళ్లీ స్కాన్ తీసి, కొత్త మాస్కు చేసి, లెక్కలన్నీ మొదటినుంచి వేయాలి.

ఖైనీ, గుట్కా, చుట్ట, ఉత్తరాంధ్ర తీరంలో చుట్ట నిప్పు కొనను నోట్లో పెట్టుకుని పీల్చే అడ్డపొగ... నోటి క్యాన్సర్లకు మన దగ్గర కారణాలకు కొదవ లేదు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక ఎందరో పేదలు ఈ చికిత్స గడప తొక్కగలిగారు. కానీ హైదరాబాదులోనో విశాఖలోనో ఆసుపత్రి పక్క అద్దె గదిలో ఉండే ఆ రోగి పూటపూటా ఏం తింటున్నాడో అడిగేవాళ్లు ఎంతమంది?

పైగా పథ్యం ఒకటి. గుడ్డు వేడి, పెరుగు చలవ, తీపి తింటే క్యాన్సర్ పెరుగుతుందంటూ చివరికి పల్చటి గంజి మిగులుస్తారు. జబ్బును మాడ్చబోయి మనిషిని మాడుస్తున్నారు. 50 కిలోల మనిషికి ఈ సమయంలో రోజుకు 60 గ్రాముల మాంసకృత్తులైనా కావాలి. ఒక గుడ్డులో ఉండేది 6 గ్రాములే. గంజితో ఆ లెక్క ఎన్నటికీ తేలదు. కారం, పులుపు, పొగలు కక్కే వేడి మానాలి, అంతే. గుడ్డు, పెరుగన్నం, పాలలో కాచిన రాగిజావ, మెత్తటి పప్పు కొంచెం కొంచెంగా ఆరేడుసార్లు పెట్టాలి. నొప్పి మందు భోజనానికి అరగంట ముందు పడితే ముద్ద కాస్త సులువుగా దిగుతుంది. పొట్ట కింది భాగానికి రేడియేషన్ తీసుకునేవాళ్ల బాధ వేరు. విరేచనాలకు భయపడి తిండి మానేస్తారు. వాళ్ల ఆహారం డాక్టరును అడిగి మార్చుకోవాలి.

నోటితో తినలేనప్పుడు ఆహారం పంపడానికి ముక్కులో గొట్టం అనగానే ఆఖరి ఘడియలని బెంబేలెత్తి ఒప్పుకోనివారు ఎందరో. అది చికిత్స గట్టెక్కించడానికి కొన్నాళ్లు వేసేది. బరువు పదో వంతు పోయేదాకా వద్దని మొండికేస్తే నష్టం రోగికే. ఆసుపత్రులూ వారం వారం బరువు తూచాలి, ఆహార నిపుణులను రేడియేషన్ విభాగంలోనే కూర్చోబెట్టాలి. ప్రభుత్వాలు తిండి ఖర్చునూ చికిత్స ఖర్చుగానే లెక్కగట్టాలి.

చివరి సిట్టింగ్ అయిందని సంచి సర్దుకుని ఊరెళ్లేవారికి మరో హెచ్చరిక. ఆ తర్వాత ఒకటి రెండు వారాలు పుండ్లు ఇంకా ముదరొచ్చు. నీళ్లు కూడా దిగకపోయినా, జ్వరం వచ్చినా, మూత్రం తగ్గినా ఇంట్లో కూర్చోకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.