కంటికి కావాల్సింది తడి... నీళ్లు కాదు!

ఎండాకాలం వస్తే చాలు, లెన్స్ పెట్టుకునేవాళ్లకు ఒక ప్రశ్న తప్పదు. "ఇంత ఎండలో తిరుగుతున్నావు, కంట్లో అది కరిగిపోదూ?" అమ్మమ్మ దగ్గర్నుంచి ఆఫీసులో పక్క సీటువాడి దాకా అందరిదీ ఇదే డౌటు.

కరగదు. సాఫ్ట్ లెన్సుల్ని ప్యాక్ చేశాక దాదాపు 120 డిగ్రీల ఆవిరిలో ఉంచి క్రిముల్లేకుండా చేస్తారు. దాన్ని తట్టుకున్న లెన్సుకి మన రామగుండం ఎండ ఓ లెక్కా? దానికి అసలు శత్రువు పొడిగాలి.

సాఫ్ట్ లెన్స్ అంటే నీళ్లు పీల్చుకున్న పల్చటి ప్లాస్టిక్. 1961 క్రిస్మస్ రోజుల్లో ఒట్టో విఖ్టర్లే అనే చెక్ శాస్త్రవేత్త, పిల్లలు ఆడుకునే బిల్డింగ్ సెట్టుతో ఇంట్లోనే ఓ చిన్న మెషిన్ బిగించి ఈ లెన్సులు తయారుచేశాడు. ఇప్పుడు దొరికే చాలా రకాల్లో 38 నుంచి 70 శాతం దాకా నీరే. గాలి పొడిగా ఉంటే కంటి మీది కన్నీటి పొర త్వరగా ఆరిపోతుంది, లెన్సులో తేమా తగ్గుతుంది. అప్పుడది రెప్పకి గరుగ్గా తగులుతుంది. విశాఖలో చెమటతో చొక్కా తడిసిపోయినా కళ్లు హాయిగానే ఉండి, హైదరాబాద్ ఏప్రిల్ మధ్యాహ్నానికి మండిపోవడం వెనక కారణం ఇదే.

సరే, ఎండ తప్పించుకుని ఆఫీసులో దూరామనుకోండి. అక్కడ ఏసీ. గాలిలో ఉన్న కాస్త తేమనీ అదే లాగేస్తుంది. ఎదురుగా స్క్రీన్. మామూలుగా నిమిషానికి పదిహేను సార్లో, ఇంకాస్త ఎక్కువో కొట్టుకునే రెప్పలు, కోడ్‌లోనో రీల్స్‌లోనో మునిగితే అందులో సగం కూడా కొట్టుకోవు. రెప్ప మన కంటికి వైపర్ లాంటిది. అది ఆగితే అద్దం ఆరిపోతుంది, సాయంత్రం నాలుగయ్యేసరికి కంట్లో ఇసుక పడ్డట్టుంటుంది.

అప్పుడు మనలో చాలామంది ఏం చేస్తాం? వాష్‌రూమ్‌కెళ్లి ముఖం మీద నాలుగు దోసిళ్ల చన్నీళ్లు కొట్టుకుంటాం. ఎండలోంచి ఇంటికొచ్చినా ముందు చేసే పని అదే. లెన్స్ లేనివాళ్లకు ఇది మంచి అలవాటే. లెన్స్ ఉన్నవాళ్లు మాత్రం ఇక్కడే ఆగాలి.

కుళాయి నీళ్లలో, బావుల్లో, స్విమ్మింగ్ పూల్స్‌లో అకాంతమీబా అనే సూక్ష్మజీవి ఉండొచ్చు. మామూలుగా మనకు దాంతో పేచీ లేదు. కానీ నీళ్లు తగిలితే అది లెన్సుకి అంటుకుంటుంది, లెన్స్ దాన్ని తీసుకెళ్లి నల్లగుడ్డు మీది కార్నియాకి ఆనించి ఉంచుతుంది. ఈ ఇన్ఫెక్షన్ అరుదే. వస్తే మాత్రం నెలల తరబడి మందులు వాడాలి, ఒక్కోసారి కార్నియా మార్పిడి దాకా వెళ్తుంది, చూపే పోవచ్చు. ఫిల్టర్ నీళ్లయినా, బాటిల్ నీళ్లయినా లెన్సుకి పనికిరావు. ఉమ్మితో తడపడం గురించి చెప్పనే అక్కర్లేదు.

మరేం చేయాలి?

ముఖం కడగాలన్నా, స్నానం చేయాలన్నా, పూల్‌లో దిగాలన్నా ముందు లెన్స్ తీసేయండి. ముట్టుకునే ముందు చేతులు సబ్బుతో కడిగి, పూర్తిగా తుడుచుకోండి. వేలి మీది నీటిచుక్క కూడా నీళ్లే కదా!

కళ్లు ఆరినట్టుంటే, లెన్స్ మీద వేసుకోవచ్చని డబ్బా మీద రాసి ఉన్న చుక్కలే వాడండి. కొన్ని కంటి మందుల్లోని ప్రిజర్వేటివ్‌ని లెన్స్ పీల్చుకుని కంటికే అంటిస్తూ ఉంటుంది. సీటు మీద ఏసీ గాలి నేరుగా కొడుతుంటే దాని దిక్కు మార్పించండి. బైక్ మీద హెల్మెట్ అద్దం దించండి. జలుబుకో అలర్జీకో వేసుకునే కొన్ని మాత్రలు కూడా కన్నీటిని తగ్గిస్తాయి, ఆ రోజుల్లో కళ్లజోడే మేలు. నీరు ఎక్కువున్న లెన్సే హాయిగా ఉంటుందనుకోవద్దు, పొడిగాలిలో అలాంటివే త్వరగా ఆరిపోవచ్చు. డాక్టర్‌ని అడిగి మీ కంటికి నప్పేది ఎంచుకోండి. సొల్యూషన్ బాటిల్‌ని ఎండలో నిలిపిన కారులో, బైక్ డిక్కీలో వదిలేయొద్దు.

ఇక వేసవి పెళ్లిళ్లు. ఫొటోల కోసం ఆ ఒక్కరోజుకే లెన్స్ పెట్టుకునే వధూవరులు బోలెడుమంది. ఒకవైపు హోమం పొగ, ఇంకోవైపు ఫ్లాష్ లైట్లు, పైగా అర్ధరాత్రి ముహూర్తం. రెండు వారాల ముందే డాక్టర్ దగ్గర సైజు చూపించుకుని అలవాటు చేసుకోండి. ఒకసారి వాడి పారేసే డైలీ లెన్సులైతే ఇంకా మంచిది. మీ కళ్లజోడు మాత్రం తోడికోడలి బ్యాగులోనో, తోడపెళ్లికొడుకు జేబులోనో ఉండాలి. ఎంత అలసిపోయినా లెన్సుతో నిద్రపోవద్దు.

కన్ను ఎర్రబడి నొప్పి పెట్టినా, వెలుతురు చూడలేకపోయినా, చూపు మసకబారినా 'రేపు చూద్దాంలే' అనొద్దు. లెన్స్ తీసేసి అదే రోజు కంటి డాక్టర్ దగ్గరికెళ్లండి. తీసిన లెన్సునీ, దాని డబ్బీనీ పారేయకుండా వెంట పట్టుకెళ్లండి. ఏ క్రిమి చేరిందో తేల్చడానికి పరీక్షలో అవే పనికొస్తాయి.