కంట్రోల్ జెడ్ లేని పది రోజులు

మే నెల వచ్చిందంటే మన వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే గోల. 'ఈ కోర్సు ఫ్రీ, సర్టిఫికెట్ కూడా ఇస్తారు', 'ఐదు వేలు కడితే ఇంటర్న్‌షిప్ లెటర్ గ్యారంటీ'. బీటెక్ ఈసీఈ మూడో ఏడాది సెలవుల్లో నేనూ అలాగే ఏడు సర్టిఫికెట్లు పోగేశాను. అన్నీ మంచం మీద కూర్చుని, వీడియోలను రెండింతల వేగంతో తిప్పేసి సంపాదించినవే. చివరి ఏడాది ప్లేస్‌మెంట్ ఇంటర్వ్యూలో ఒక పెద్దాయన ఆ జాబితా మొత్తం చూసి ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. "ఇవన్నీ సరే బాబూ, నువ్వు సొంతంగా తయారుచేసింది ఏదైనా ఉందా?" నా దగ్గర సమాధానం లేదు. ఆ ఉద్యోగమూ రాలేదు.

మరుసటి వేసవికి చేతిలో డిగ్రీ ఉంది, ఉద్యోగం లేదు. ఒక ఫ్రెండ్ బలవంతంగా లాక్కెళితే పది రోజుల ఆర్ట్ వర్క్‌షాప్‌లో చేరాను. ప్రింట్‌మేకింగ్, కొలాజ్, చేత్తో కాగితం తయారీ. "ఉద్యోగం వెతుక్కోరా అంటే బొమ్మలేసుకోడానికి పోతున్నావా" అని అమ్మ గట్టిగానే అంది. ఆమె కోపంలో న్యాయం ఉంది. అందుకే ముందే చెప్పేస్తున్నా: ఇలాంటి వర్క్‌షాప్‌తో ఉద్యోగం రాదు. అయినా వేసవిలో పది రోజులు దీనికి కేటాయించమని ఎందుకంటున్నానో వినండి.

మొదటి రోజు లైనోకట్. మెత్తటి లైనోలియం ముక్క మీద ఉలితో చెక్కాలి. చెక్కిన చోట తెల్లగా మిగులుతుంది, చెక్కని చోట ఇంకు పడుతుంది. ఉత్సాహంగా నా పేరు చెక్కి, రోలర్‌తో ఇంకు రాసి, కాగితం మీద అద్దాను. అక్షరాలన్నీ అద్దంలో చూసినట్టు తిరగబడ్డాయి! అచ్చులో సరిగ్గా రావాలంటే చెక్కేటప్పుడే తిరగేసి చెక్కాలన్న సంగతి తట్టలేదు. ఒక్కసారి ఉలి దిగిందంటే మళ్లీ వెనక్కి రాదు. అక్కడ కంట్రోల్ జెడ్ ఉండదు. పని మొదలెట్టే ముందు పది నిమిషాలు ఆలోచించడం నాలుగేళ్ల ఇంజినీరింగ్ కంటే ఆ గంటే నాకు బాగా నేర్పింది.

రెండో సంగతి, ఒకేలా పది తీయడం. ప్రింట్ కింద పెన్సిల్‌తో 3/10 అని రాస్తారు. పది కాపీల్లో ఇది మూడోదని అర్థం. ఆ పదీ ఒకే నాణ్యతతో ఉండాలి. ఇంకు కాస్త ఎక్కువైతే సన్నగీతలు పూడిపోతాయి, తక్కువైతే మచ్చలు పడతాయి. నేను తీసిన మొదటి పదిలో నాలుగు చెత్తబుట్టలోకే పోయాయి. 'క్వాలిటీ కంట్రోల్' అనే మాట పుస్తకంలో చదవడం వేరు, పాడైన కాగితాన్ని చేత్తో పట్టుకోవడం వేరు.

ఎచింగ్ రోజు మాత్రం నవ్వొచ్చింది. రాగి రేకు మీద రసాయనానికి లొంగని పూత పూసి, సూదితో బొమ్మ గీసి, ఫెర్రిక్ క్లోరైడ్‌లో ముంచారు. మా కాలేజీ ల్యాబ్‌లో పీసీబీ తయారీకి వాడిన ద్రావణం అదే! ఎక్కువసేపు ఉంచితే గీత లోతవుతుంది, అచ్చులో ముదురుగా పడుతుంది. చిప్‌ల తయారీలో మనం చదువుకునే ఫొటోలిథోగ్రఫీ కూడా అంతే. నూనె, నీరు కలవవన్న సూత్రంతో రాతి మీద నుంచి అచ్చు తీసే లిథోగ్రఫీని 1790ల చివర్లో జర్మనీలో అలోయిస్ సెనెఫెల్డర్ కనిపెట్టాడు. చిప్‌ల పద్ధతి వేరైనా పేరు అక్కడిదే.

మనవాళ్లకీ ఇందులో పెద్ద వాటా ఉంది. చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి శాంతినికేతన్‌లో చదివి, ప్యారిస్‌లోని అటెలియర్ 17 స్టూడియోకు వెళ్లారు. ఇంకుల చిక్కదనాన్ని మార్చి, గట్టి రోలర్లు, మెత్తటి రోలర్లు వాడి ఒకే రేకు నుంచి ఒకేసారి పలు రంగులు తీసే పద్ధతిని అభివృద్ధి చేసినవారిలో ఆయన ముఖ్యుడు. అంటే ఫ్లూయిడ్ మెకానిక్స్‌లో మనం పరీక్ష కోసం బట్టీపట్టిన విస్కాసిటీతో ఆయన బొమ్మలు వేశారన్నమాట. మెదక్ ప్రాంతం నుంచి వచ్చిన లక్ష్మాగౌడ్ ఎచింగ్‌లో దేశమంతా తెలిసిన పేరు. పెడనలో టేకు చెక్క మీద అచ్చులు చెక్కే కలంకారీ పనివాళ్లు ఇప్పటికీ మన మధ్యే ఉన్నారు.

కాగితం తయారీ ఓపికకు పరీక్ష. నానబెట్టిన నూలు గుడ్డపీలికలో, పాత కాగితాలో గుజ్జుగా చేసి, నీళ్ల తొట్టిలో కలిపి, జల్లెడ బిగించిన చట్రంతో పైకి లేపాలి. గుజ్జు పలచనైతే చిల్లులు, చిక్కనైతే అట్ట. తడి కాగితాన్ని గుడ్డ మీదికి దించి, నొక్కి, ఆరేదాకా ఆగాల్సిందే. కొలాజ్‌లో పాఠం ఇంకోటి. 1912లో పికాసో, బ్రాక్ మొదలెట్టిన ఈ పద్ధతిలో ముక్కల్ని ముందు అటూ ఇటూ జరిపి చూసుకుని, చివర్లోనే జిగురు పూస్తారు. యాప్ స్క్రీన్లు డిజైన్ చేసేటప్పుడు ఇప్పటికీ నేను ముందు కాగితం ముక్కలే జరుపుతాను.

ఇప్పుడు అసలు బాధ. ఇలాంటి వర్క్‌షాప్‌లు ఎక్కువగా పెద్ద నగరాల్లోనే జరుగుతాయి. ఫీజు, హాస్టల్ ఖర్చు కలిపితే పల్లె నుంచి వచ్చే విద్యార్థికి అందవు. మరోపక్క మన ఇంజినీరింగ్ కాలేజీల్లో కార్పెంటరీ షాపులు, పీసీబీ ల్యాబ్‌లు మే నెలంతా తాళాలతో ఉంటాయి. ఉలులు అక్కడే ఉన్నాయి, రాగి రేకులు అక్కడే ఉన్నాయి. ఒక ప్రింట్‌మేకర్‌నో, పెడన నుంచి ఒక అచ్చుల పనివాడినో గౌరవంగా జీతమిచ్చి పిలిస్తే చాలు. కోడింగ్ బూట్‌క్యాంప్‌లకు గదులిచ్చే యాజమాన్యాలు దీనికెందుకు ఇవ్వవు? విద్యార్థులు అడగట్లేదు కాబట్టి. ముందు మనం అడగాలి.

డబ్బు కట్టే ముందు నాలుగు ప్రశ్నలు వేయండి. నేర్పేవాళ్లు సొంతంగా ప్రింట్లు తీసేవాళ్లేనా? ప్రెస్ మీద మీకు ఎన్ని గంటలు దొరుకుతాయి? సామగ్రి ఖర్చు ఫీజులోనే ఉందా? రసాయనాలు వాడే గదిలో గాలి ఆడుతుందా, గ్లౌజులు ఇస్తారా? 'సర్టిఫికెట్ ఇస్తారా' అనేది ఐదో ప్రశ్నగా కూడా వద్దు.

దీన్నే కెరీర్ చేసుకోవాలనిపిస్తే దారులున్నాయి. ఇంజినీరింగ్ పూర్తిచేసినవాళ్లు సీడ్ పరీక్ష రాసి ఐఐటీల్లో ఎం.డిజైన్‌కు వెళ్లొచ్చు. ఎన్‌ఐడీకి వేరే ప్రవేశపరీక్ష ఉంది. ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ చేసినవాళ్లకు హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ప్రింట్‌మేకింగ్‌లో పీజీ ఉంది. ఇలాంటి చోట్ల పోర్ట్‌ఫోలియో చూపమన్నప్పుడు, చేత్తో చేసిన పని మాట్లాడుతుంది.

నా సంగతంటారా? ఆ తర్వాత నాకు ఉద్యోగం కోడింగ్ పరీక్ష పాసయితేనే వచ్చింది, ప్రింట్లు చూసి కాదు. కాకపోతే హెచ్ఆర్ రౌండ్‌లో 'మీరు చేసిన ఒక తప్పు చెప్పండి' అన్నప్పుడు బట్టీపట్టిన జవాబు వెతుక్కోలేదు. తిరగబడిన నా పేరు గురించి చెప్పాను. పారేసిన నాలుగు ప్రింట్ల గురించి, మళ్లీ చెక్కిన రెండో లైనో గురించి చెప్పాను.

వర్క్‌షాప్ దొరక్కపోయినా ఆగకండి. స్టేషనరీ షాపులో చిన్న లైనో ముక్క, కట్టర్, కాస్త ఇంకు కొనండి. ప్రెస్ లేకపోతే గరిటె వెనకవైపుతో రుద్దినా అచ్చు పడుతుంది. ఉలి ముందు వేళ్లు పెట్టకండి. పేరు మాత్రం తిరగేసి చెక్కండి.