చప్పుడులేని బండియు చేలలో వేటయు

విద్యుచ్ఛక్తితో నడచు బండ్లు గుంటూరు, ఒంగోలు వీథులను దాటి పల్లెల డొంకలలో ప్రవేశించినవి. బ్యాటరీ స్కూటరుపై చేనికి పోయివచ్చు రైతును, బ్యాటరీ ఆటోలో ఎరువుబస్తాలు వేసికొనిపోవు కౌలుదారును చూచి నేడెవ్వరును ఆశ్చర్యపడుట లేదు. 2015లో కేంద్రప్రభుత్వము 'ఫేమ్' అను పథకముతో ఆరంభించిన ప్రోత్సాహము 2024 అక్టోబరున 'పి.ఎం. ఇ-డ్రైవ్' అను క్రొత్తరూపము దాల్చినది. రాష్ట్రప్రభుత్వమువారును 2018లో నొకమారు, 2024లో మరియొకమారు విద్యుద్వాహన విధానమును ప్రకటించిరి. ఈ బండ్లయందు ఎల్లరును మెచ్చుకొను గుణ మొకటి కలదు. అది చప్పుడు లేకుండుట. మేమిప్పుడు విచారింపదలచినది ఆ గుణమును గూర్చియే.

అమెరికా దేశమున వేటగాండ్ర కొరకే ప్రత్యేకముగ విద్యుద్వాహనములు తయారుచేసి, మృగము బెదరకుండ దాని చెంతకు చేరవచ్చునని ప్రకటించి యమ్ముచున్నారు. అచ్చట వేట అనుమతిపత్రములపై సాగెడి వినోదము. అయినను పెక్కు రాష్ట్రములలో బండిమీదనుండి తుపాకి కాల్చుట అచ్చటను నిషిద్ధమే. అడవిపందులచే విసిగి వేసారిన మన రైతునకు, పెద్ద కమతములు గల భూస్వామికి, ఆ ప్రకటనలు చూడగా ఆశ పుట్టుట సహజము. పగలు చేలు తిరిగివచ్చుటకును, రాత్రి పందిని కొట్టుటకును ఒక్క బండియే చాలునుగదా యని తోచును. ఈ రెండు పనులకును గల భేదము మిక్కిలి గొప్పది.

పగటి పని మాట ముందు చెప్పుదము. మన నల్లరేగడి సేద్యములో సరకును చేనినుండి కల్లమునకును, కల్లమునుండి ఊరి రస్తాకును చేర్చుట యొక వేరు ఖర్చు. అరటన్ను మోయు బ్యాటరీ ఆటో నలుబది కిలోల మిరప టిక్కీలు పండ్రెండింటిని సుఖముగ గొనిపోగలదు. ఒకమారు చార్జిచేసిన 80 కిలోమీటర్లకు కొంచె మిటునటుగ నడచును. మార్కాపురమునుండి గుంటూరు మిర్చియార్డునకు సరకు తెచ్చుటకు అది చాలదు. దానికి లారీయే కావలెను. చేనికిని ఊరికిని నడుమ మాత్రము దానికి సాటిలేదు. 2025 ఫిబ్రవరిలో మిరపధర పడిపోగా, కేంద్రమువారు క్వింటాలునకు 11,781 రూపాయల చొప్పున మార్కెట్టు జోక్య పథకమును ప్రకటింపవలసివచ్చిన సంగతి పాఠకులు మరచియుండరు. అట్టి సంవత్సరములలో టిక్కీకి పడు డీజిలు ఖర్చు తగ్గుట చిన్నమాట కాదు. అయితే రెంటచింతల యెండకు బ్యాటరీ ఆయువు తరుగును. బండిని చెట్టునీడన నిలుపుకొనుట యజమాని పని. వానకాలమున రేగడి డొంకలో ఏ బండియైనను దిగబడును, విద్యుత్తు దానిని రక్షింపజాలదు. సేద్యపు మోటార్లకై 2004 నుండి యిచ్చుచున్న ఉచిత విద్యుత్తును బండికి పెట్టుకొనవచ్చునని తలచువారికి ఒక్కమాట: ఆ విద్యుత్తు నీటికొరకు ఇచ్చినది, బండికొరకు కాదు. మన నోటితో మనమే ఆ సదుపాయమునకు చేటు తెచ్చుకొనరాదు.

ఇక రాత్రి పని. పల్నాటిలో మాచర్ల, దుర్గి, బొల్లాపల్లి వైపులను, యర్రగొండపాలెము, దోర్నాల, గిద్దలూరు వైపులను నల్లమల అంచున నున్న పల్లెలకు అడవిపంది క్రొత్త శత్రువు కాదు. నిజము చెప్పవలెనన్న పందికి మిరపకాయ ఆహారము కాదు. దానికి కావలసినవి మొక్కజొన్న కంకి, వేరుసెనగ కాయ, జొన్న. అయినను పత్తిచేను ఏపుగ పెరిగినపుడు అది దానికి పగలు దాగియుండుటకు అనువైన పొద యగును. తడిపెట్టిన మిరపసాళ్లలో అది పొర్లాడును, నీటిగొట్టములను పెకలించును. ఒక్కరాత్రి గుంపు దిగెనా, తెల్లవారునప్పటికి అరయెకరము దున్నినట్లుండును. ఈ నష్టమును తేలికగ మాటాడువారు ఆ చేలను చూడనివారే యనవలెను.

ఈ జంతువును చప్పుడులేని బండి జయించునా? గంటకు ఇరువది, ముప్పది కిలోమీటర్ల వేగమునకు లోపుననే విద్యుద్వాహనము నిశ్శబ్దము. అంతకు మించినచో చక్రముల రొదయే ముందు వినవచ్చును. ఎండిన మొక్కజొన్న దంట్లపై మెల్లగ నడపినను పటపటలు తప్పవు. పందికి కన్ను మందము, చెవియు ముక్కును మిక్కిలి చురుకైనవి. ఇంజనును మాన్పితిమి గాని మనుష్యుని వాసనను మాన్పలేదు. గాలి యటు వీచిన, బండి యెంత మౌనమైనను గుంపు లేచిపోవును. దైవికముగ ఒకటి చిక్కినను తక్కినవి చెదరి ప్రక్క రైతు చేనిలో పడును. ఒక్క యీతకు నాలుగైదు పిల్లలను పెట్టు జంతువు వారమున కొక్కటి చచ్చినంత మాత్రమున తరుగదు. కావున పంట రక్షణకు సాధనమన్న వాదము నిలువదు. మిగులునది మాంసమును, వినోదమును.

చట్టము సంగతి మరింత స్పష్టము. 1959 నాటి ఆయుధముల చట్టము పంట సంరక్షణకై మూతినుండి మందు దట్టించు తుపాకికి అనుమతిపత్రము పొందు వీలు కల్పించినది. ఈ పత్రము చేతనున్నవారు పెక్కురు పందిని కొట్టు హక్కుకూడ తమకు కలదని భావింతురు. అది పొరపాటు. తుపాకి యుంచుకొనుటకు పత్రము వేరు, వన్యమృగమును చంపుటకు అనుమతి వేరు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టములో వేటకు లైసెన్సులు చెల్లుచున్న రోజులలోనే వాహనముమీదనుండి వేటాడుటయు, వాహనముతో మృగమును తరుముటయు నిషిద్ధము. 1991 సవరణతో ఆ లైసెన్సులే పోయినవి. 2022 సవరణ పిమ్మట అడవిపంది రెండవ షెడ్యూలులో చేరినది, జుల్మానా పరిమితి లక్షరూపాయలకు పెరిగినది, మూడేండ్ల వరకు కారాగారము పడవచ్చును. ఇంకొక నిబంధన బండి కొనదలచినవారు తప్పక తెలిసికొనవలసినది: నేరమునకు ఉపయోగించి పట్టుబడిన వాహనము ప్రభుత్వపు సొత్తగును. లక్షలు పోసి కొన్న బండి ఒక పందికొరకు అటవీశాఖ ఆవరణములో తుప్పుపట్టుట లాభసాటి బేరము కాదు. ఆత్మరక్షణార్థము మృగమును చంపుట నేరము కాదని చట్టము చెప్పుచున్నది గాని, పంట ఆత్మ యని మాత్రము చెప్పలేదు.

వాహనము, రాత్రి, దీపము అను మూడును కలిసిన వేట దేశమున కేమి చేసినదో చరిత్ర చూపుచున్నది. 1947లో మధ్యభారతపు కొరియా సంస్థానాధీశుడు రాత్రివేళ కారులో పోవుచు మూడు చీతాలను కాల్చెను. మన దేశమున చంపబడినట్లు లెక్కకెక్కిన కడపటి చీతాలు అవియే యందురు. 1952లో ఆ జాతి యిచ్చట అంతరించినదని ప్రకటించిరి. రెండవ ప్రపంచయుద్ధానంతరము జీపులు వచ్చిన పిదప మైదానములలో కృష్ణజింక లెట్లు తరిగినవో పెద్దలు నేటికిని చెప్పుదురు. నేడు ఆ కృష్ణజింక మన రాష్ట్రజంతువు. ఆనాటి జీపు తన రాకను రొదచేసి చెప్పెడిది. వినిన మృగము కొంతదూరము పరుగెత్తి బ్రతికెడిది. ఆ మాత్రపు అవకాశమును గూడ తీసివేయుటయే నిశ్శబ్దవాహనపు ప్రత్యేకత యైనచో, అది మెచ్చదగినది కాదు. పందికై బయలుదేరిన దీపమునకు జింక కనబడినచో తుపాకి ఆగునని హామీ యిచ్చువా రెవరు?

మృగములను విడిచి మనుష్యుల మాటకు వత్తము. మిరప కోతలనాడు కల్లములలో ఎండబోసిన కాయకు కాపుగ రైతులును కూలీలును రాత్రులు అచ్చటనే నేలపై నిద్రింతురు. డొంకలో చీకటివేళ ముసలివారు, పిల్లలు, గొడ్లు నడచుచుందురు. ఇంతవరకు వీరందరును ఇంజను చప్పుడు విని తొలగుచున్నారు. దీపము ఆర్పి, చప్పుడులేక చేలగట్ల వెంట తిరుగు బండి వీరికి పందికన్న ప్రమాదకరము. అందులో తుపాకియు నుండెనేని చెప్పనక్కరలేదు. మంచెమీది కావలివాడు పందియో మనిషియో తేల్చుకొనులోపలనే కాల్పు జరుగవచ్చును. ఈ భయము ఇతర దేశములను గూడ బాధించినది. 2016లో ఐక్యరాజ్యసమితి ఆర్థిక సంఘము ఆధ్వర్యమున నియమము లేర్పడి, ఐరోపాలో 2019 నుండి క్రొత్తరకపు విద్యుత్కార్లు మెల్లగ నడచునపుడు కృత్రిమధ్వని చేయవలెనని విధించిరి. మన కేంద్రప్రభుత్వమును 2025లో కార్లకును, బస్సులకును, లారీలకును అట్టి నిబంధన నుద్దేశించి ముసాయిదా వెలువరించినది. పల్లెలో తిరుగునవి ముఖ్యముగ స్కూటర్లును ఆటోలును. వానికిని ఈ ధ్వని అవసరమని మేము తలచుచున్నాము. అంతవరకు బండికి నాలుగు చిరుగంటలు కట్టుకొన్న నష్టమేమి? మన యెడ్లబండ్లకు గజ్జెలు కట్టినది అందమునకు మాత్రమే కాదు.

వేట తగదని చెప్పి ఊరకుండుట రైతునకు న్యాయము కాదు. దిక్కుతోచనివాడు కంచెకు కరెంటు తీగ కలుపుచున్నాడు, నాటుబాంబు పెట్టుచున్నాడు, ఉచ్చు పన్నుచున్నాడు. ఆ తీగకు పందికన్న ముందు ప్రక్కచేని కూలియో, తీగ కలిపిన రైతు కుమారుడో బలియగు వార్తలు మనము ఏటేట చదువుచున్నాము. బ్యాటరీతో క్షణకాలము మాత్రము తాకు సోలారు కంచె వేరు, స్తంభమునుండి లాగిన తీగ వేరు. మొదటిది బెదరించును, రెండవది చంపును. వేరుసెనగ చుట్టు కుసుమ, మొక్కజొన్న చుట్టు ఆముదము నాటుట వంటి చవుక ఉపాయములను వ్యవసాయ శాస్త్రజ్ఞులు సూచించియున్నారు. ఇవి అన్నిచోట్ల పూర్తిగ పనిచేయవు, అయినను ప్రాణములు తీయవు.

ప్రభుత్వము చేయవలసినదియు కలదు. ప్రాణమునకో, నిలిచియున్న పంటకో అపాయకరమైన రెండవ షెడ్యూలు మృగమును చంపుటకు వ్రాతపూర్వకముగ, కారణములు చూపుచు అనుమతి నిచ్చు అధికారము ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారికిని, ఆయన నియమించినవారికిని చట్టమే యిచ్చినది. ఆ కాగితము పంట కోసిన పిమ్మట చేరినచో దానివలన ప్రయోజన మేమి? 2022లో కేరళప్రభుత్వము పంచాయతీ అధ్యక్షులకు ఈ పందుల విషయమున అధికార మప్పగించినది. మన నల్లమల అంచు మండలములలో ఆ పద్ధతిని, శిక్షణగల తుపాకిదారుల పట్టికతో, పగటి వెలుగులో, కాలినడకన, అధికారి యెదుట జరుగునట్లు ఏర్పరచిన తప్పేమున్నది? అడవికిని రైతునకును నడుమ అధికారి కలుగజేసికొన్న తీరు పల్నాటికి తెలియనిది కాదు. 1921-22లో పుల్లరి పన్నుపై ఇక్కడి రైతులు ఎదురుతిరిగిరి. కన్నెగంటి హనుమంతు ఆ పోరులో ప్రాణము విడిచెను. ఆ సీమలో నేడు అటవీచట్టమునకు మన్నన కలుగవలెనన్న, అది రైతు మొరను వినునదిగ నుండవలెను.

పంటబీమా విషయమున క్రొత్త అవకాశ మొకటి వచ్చినది. వన్యమృగములవలన కలుగు పంటనష్టమును 2026 ఖరీఫునుండి ప్రధానమంత్రి ఫసల్ బీమాలో స్థానిక విపత్తుగ అదనపు రక్షణ క్రింద చేర్చుదుమని కేంద్రమువారు 2025 నవంబరున ప్రకటించిరి. నష్టము జరిగిన 72 గంటలలోపల స్థలము గుర్తుపడు ఛాయాచిత్రములతో బీమా యాపులో తెలుపవలెను. ఏ మృగములు, ఏ జిల్లాలు, ఏ బీమా ప్రాంతములు అను పట్టికను రాష్ట్రమువారే ప్రకటింపవలెను. ఆ పట్టికలో అడవిపంది పేరును, నల్లమల అంచు మండలములును విడువక చేర్చునట్లు మన శాసనసభ్యులు చూడవలెను. మరియు, ఈ సీమలో చేలు దున్నువారు పెక్కురు కౌలుదారులు. 2019 నాటి పంటసాగుదారుల హక్కుల చట్టము క్రింద వారికి కార్డు రావలెనన్న భూస్వామి సంతకము కావలెను. ఆ సంతకము పెట్టుటకు వెనుకాడు యజమాని, రాత్రి చేలలో కాపున్నవాని పంటకు పంది చేసిన నష్టములో సగము తానే చేసినవాడగుచున్నాడు. ఖరీఫు విత్తనములు పడులోపల గ్రామసభలలో ఈ కార్డుల లెక్క తేల్చుట అవసరము.