ఇసుకలో కాపురాలు

సముద్రపు ఒడ్డు కనబడగానే ఖాళీ జాగా దొరికిందనుకోవడం మనకు అలవాటైపోయింది. పొలమైతే ఎవరిదోనని గట్టు మీద నడుస్తాం. ఇసుక మీద మాత్రం బండి ఎక్కిస్తాం, టెంటు వేస్తాం, తిన్నచోటే పొట్లాలు పారేస్తాం. ఆటు వేళ ఒక్కసారి వంగి చూస్తే, తడి ఇసుక మీద మిరియాలంత ఉండలు బారులు తీరి కనిపిస్తాయి. గోరంత పీత ఒకటి ఇసుకను నోట పెట్టుకుని, అందులోని పాచినీ కంటికి కనబడని జీవాలనూ తిని, మిగిలినదాన్ని ఉండ చుట్టి పక్కన పెడుతుంది. పోటు వచ్చేలోగా ఆ పూట తిండి ముగించుకోవాలి. ఇంకాస్త పైన, పొడి ఇసుకలో ఎర్రపీతల బొరియలుంటాయి. జనం తొక్కిడి, వాహనాల రాకపోకలు పెరిగిన తీరాల్లో అవి పలచబడతాయి. చాలా దేశాల్లో శాస్త్రజ్ఞులు ఒడ్డు ఎంత నలిగిందో తెలుసుకోవడానికి ఈ బొరియలనే లెక్కపెడుతుంటారు.

ఈ ఇసుకతో అందరికన్నా గాఢమైన బంధం ఆలివ్ రిడ్లే తాబేలుది. ఎక్కడెక్కడి సముద్రాలో తిరిగి, తాను పుట్టిన తీరప్రాంతాన్ని వెతుక్కుంటూ వస్తుంది, ఆడపడుచు పురుటికి పుట్టింటికి వచ్చినట్టు. ఒడిశాలోని గహిర్‌మాథ, రుషికుల్య తీరాలకు లక్షలుగా వస్తే, శ్రీకాకుళం నుంచి కృష్ణా డెల్టా దాకా మన తీరంలో ఒకటీ రెండుగా గట్టెక్కుతాయి. 40 కిలోలకు అటూ ఇటూ ఉండే ఒంటిని చీకట్లో ఈడ్చుకుంటూ పైకి వచ్చి, వెనక కాళ్లతో కూజా ఆకారంలో గొయ్యి తవ్వి, వందకు పైగా గుడ్లు పెడుతుంది. గొయ్యి పూడ్చాక ఒంటిని ఎత్తి ఎత్తి వేసి ఇసుకను దిమ్మిస చేస్తుంది. తరవాత వెనక్కి తిరిగి చూడదు. పిల్లల బాధ్యత ఇక ఆ ఇసుకదే. దాని వేడిని బట్టే పుట్టేది ఆడో మగో తేలుతుంది.

ఆ తల్లి గట్టెక్కే వేళ టార్చి వెలిగినా, మనుషులు గుమిగూడినా చాలాసార్లు గుడ్లు పెట్టకుండానే నీళ్లలోకి మళ్లిపోతుంది. పిల్లలది ఇంకా పెద్ద కష్టం. దాదాపు 50 రోజులకు రాత్రిపూట గుంపుగా పైకి వచ్చి, ఎటు వెలుతురు ఎక్కువుంటే అటు పరుగు తీస్తాయి. యుగాల తరబడి ఆ వెలుతురు నీళ్లదే. ఇప్పుడు రోడ్డు దీపాలది, రిసార్టులది. అటు నడిచినవి కుక్కల పాలవుతాయి, లేదా పొద్దెక్కాక ఎండకు మాడిపోతాయి. సరైన దారి పట్టినవాటికి టైరు చాళ్లు అడ్డం. బొటనవేలంత ప్రాణికి ట్రాక్టరు చాలే ఎక్కిరాలేని కాలువ.

మాఘ పౌర్ణమికి హంసలదీవి దగ్గర సాగర సంగమంలో మునగడానికి వేలమంది వెళతారు. ఆ స్నానం మానమనడం భావ్యం కాదు. అయితే తాబేళ్లు గుడ్లు పెట్టే కాలమూ అదే. స్నానఘట్టం దగ్గర జనం ఉన్నా, దానికి దూరంగా ఉన్న ఇసుక మీదికి బళ్లు పోకుండా ఆపగలిగితే చాలు. అటవీ శాఖతో కలిసి తెల్లవారుజామునే తీరం వెంట నడిచి, గుడ్లను భద్రంగా హేచరీలకు చేర్చేది చాలాచోట్ల మత్స్యకార యువకులే. ఆ శ్రమకు మిగతావాళ్ల సాయం అందాలి.

మంచి ఉద్దేశంతో చేసే పనులూ నష్టం తెస్తాయి. బీచ్ శుభ్రంగా ఉండాలని యంత్రాలతో ఇసుకను జల్లెడ పట్టిస్తున్నారు. ప్లాస్టిక్ పోవాల్సిందే. దానితోపాటు అలలు తెచ్చిపడేసిన నాచు, గవ్వలు, చచ్చిన చేపలు కూడా పోతున్నాయి. ఆ నాచు కిందే చిన్న పురుగులుంటాయి. మధ్య ఆసియా నుంచి, సైబీరియా నుంచి చలికాలం గడపడానికి వచ్చే ఉల్లంకి పిట్టలకు అవే ఆహారం. మనం కుక్కను ఉసిగొల్పినా, పిల్లలు తరిమినా అవి లేచిపోతాయి. తిరుగు ప్రయాణానికి కూడబెట్టుకోవలసిన శక్తి అలా కరిగిపోతుంది. చెత్తను చేత్తో ఏరితే ఖర్చు పెరగొచ్చు, కొందరికి పని కూడా దొరుకుతుంది. తుపాను గాలికి అడ్డంగా వేసిన సరుగుడు తోటలు కూడా అలల అంచుదాకా వస్తే గుడ్లకు చోటు మిగలదు. తోటకూ నీళ్లకూ నడుమ ఇసుకను వదలాలి. ఆ ఇసుకను పట్టి ఉంచడానికి నేల మీద పాకే ఊదారంగు పూల తీగ ఉండనే ఉంది.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఆలివ్ రిడ్లే తాబేలు ఉంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేట ఆగుతుంది. కానీ తల్లులు ఎక్కువగా వచ్చేది అంతకు ముందే, జనవరి నుంచి మార్చి దాకా. ట్రాలర్ల వలల్లో చిక్కి, ఊపిరి తీసుకోవడానికి పైకి రాలేక మునిగి చచ్చిన వాటి కళేబరాలు ఏటా ఒడ్డుకు కొట్టుకొస్తున్నాయి. తాబేలు బయటపడే మార్గమున్న వలలు మన దగ్గరే తయారయ్యాయి. వాటిని వాడే మత్స్యకారుడికి తగ్గే రాబడిని ప్రభుత్వం భరించాలి.

వీటన్నిటిలో తేలికైనది దీపాల సంగతి. విశాఖ బీచ్ రోడ్డును చీకటి చేయమని ఎవరూ అడగరు. తాబేళ్లు గుడ్లు పెట్టే జోడుగుళ్లపాలెం లాంటి చోట్ల జనవరి నుంచి మే దాకా దీపాలను కిందికి దించి, సముద్రం వైపు మూత పెట్టి, ఎర్రని బల్బులు వేస్తే సరిపోతుంది. కొత్త రిసార్టుకు అనుమతి ఇచ్చే కాగితంలోనే ఈ షరతు రాయవచ్చు. మునిసిపాలిటీ, పర్యాటక శాఖ, అటవీ శాఖ కూర్చుని మాట్లాడుకోవలసింది డిసెంబరులో, తొలి తాబేలు ఒడ్డెక్కకముందే.