మాల్ఖానాలో గంజాయి, తూకంలో తరుగు

కెనడాలో స్థిరపడిన మిత్రుడొకడు ఈమధ్య ఫోనులో ఒక విచిత్రమైన ప్రశ్న వేశాడు. అక్కడ 2018 అక్టోబరు నుండి గంజాయి చట్టసమ్మతం. దుకాణంలో కొని తెచ్చుకొన్నదాన్ని ఎండిపోకుండా, బూజు పట్టకుండా, ఘాటు తగ్గకుండా ఇంట్లో ఎట్లా నిలవజేసుకోవాలన్నది వాళ్ళలో పెద్ద చర్చట. "మీ భద్రాచలం అడవుల్లోవాళ్ళు తరతరాల నుండి ఎరిగినవాళ్ళు గదా, ఇళ్ళల్లో ఎట్లా దాస్తారో కాస్త కనుక్కొని చెప్పు" అన్నాడు.

మొదట నవ్వొచ్చింది. ఫోను పెట్టేశాక ఆలోచిస్తే, ఆ ప్రశ్నకు నా దగ్గరొక సమాధానం ఉన్నదనీ, దాన్ని పదిహేనేళ్ళుగా ఎవరికీ చెప్పకుండా దాచుకొన్నాననీ తోచింది. అందుకే ఈ టపా.

ముందుగా మిత్రుని అపోహ తీర్చాలి. భద్రాచలం చుట్టుపక్కల కోయగూడేలలో ఇంట దాచుకొనే మత్తు సరుకేదైనా ఉంటే అది ఇప్పపువ్వు. ఎండాకాలం మొదట్లో తెల్లవారుజామున చెట్టు క్రింద ఏరి, ఎండబోసి, గంపలకెత్తి అట్టిపెట్టుకొంటారు. అది సారాకే కాదు, కరువునాడు కడుపుకూ పనికివస్తుంది. గంజాయి సంగతి వేరు. అది విస్తారంగా పండేది ఇక్కడ కాదు. ఎగువన ఒడిశాలోని మల్కనగిరి, కోరాపుట్ కొండల్లోనూ, ఇటు పాడేరు, చింతపల్లి మన్యంలోనూ. 'శీలావతి' అని ముద్దుపేరు పెట్టుకొన్న రకం అక్కడిదే. అక్కడి నుండి చింతూరు మీదుగా భద్రాచలం చేరి, గోదావరి వంతెన దాటి, కొత్తగూడెం, ఖమ్మం దారిన హైదరాబాదుకూ ఆపైన మహారాష్ట్రకూ పోతుంది. 2014లో చింతూరు ఆంధ్రలోకి వెళ్ళి భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలిన తరువాత, ఈ దారిలో రాష్ట్ర సరిహద్దు కూడా ఒకటి వచ్చి చేరింది.

అనగా మా వైపు గంజాయి కాపురం ఉండదు, దారిన పోతుంది. పట్టుబడితేనే ఆగుతుంది. ఆగినప్పుడు అది నెలలు, ఒక్కొక్కప్పుడు సంవత్సరాలు నిలవుండే ఇల్లు ఒక్కటే, పోలీసు ఠాణాలోని మాల్ఖానా. కాబట్టి మా ప్రాంతంలో గంజాయిని ఎట్లా దాస్తారని ఎవరైనా అడిగితే, నేను చెప్పగలిగింది ఆ ఇంటి గురించే.

మా నాయన మిరపరైతు. చిన్నప్పుడు బస్తాలతోపాటు ఖమ్మం మార్కెట్టుయార్డుకు నేనూ వెళ్ళేవాణ్ణి. కాయ చేతబట్టి విరిచి, వాసన చూసి, "తేమ ఉందయ్యా, ఇంకో రెండెండలు పడాల్సింది" అనేవాడు కమీషన్‌దారు. కాంటా వేశాక గోనెసంచికింత, తేమకింత అని తరుగు తీసేవారు. నాయన గొణుక్కొనేవాడు గానీ, తరుగన్న మాటే అన్యాయమని ఎన్నడూ అనలేదు. నీటిని మిరపకాయ ధరకు అమ్మకూడదని ఆయనకూ తెలుసు. ఈనాటికీ పత్తి విషయంలో సీసీఐ పద్ధతి అదే: 8 శాతం తేమ దాకా పూర్తి మద్దతుధర, ఆపైన కోత, 12 దాటితే కొననే కొనదు. మా జిల్లాలో చదువురాని రైతుకు కూడా తూకమంటే ఏమిటో తెలుసు. సంచి తీసివేసి, నీరు తీసివేసి, మిగిలిన సరుకు బరువు.

ఇప్పుడు నా సంగతి. సుమారు పదిహేనేళ్ళ క్రిందట, అప్పటికింకా అంతా ఖమ్మం జిల్లాయే, నేను ఏజెన్సీలో ఒక చిన్న సర్కారు ఉద్యోగంలో ఉన్నాను. ముసురు పట్టిన ఒకనాటి సాయంత్రం ఠాణా నుండి కబురొచ్చింది, మధ్యవర్తిగా రమ్మని. వెళితే ఇద్దరు కుర్రవాళ్ళు నేలమీద కూర్చొని ఉన్నారు. వారిలో ఒకడికి మీసం కూడా సరిగా రాలేదు. పక్కన తడిసిన సంచులు రెండు. విప్పితే ఖాకీరంగు టేపు చుట్టిన పొట్లాలు, వాటిలో మొగ్గతోపాటు ఆకు, ఈనె, గింజ, పుల్ల, అన్నీ కలిసి నొక్కి ఉన్నాయి. పచ్చివాసన ఇంకా పోలేదు. సంచులతో సహా కాంటా మీద పెట్టారు. 20 కిలోల 600 గ్రాములు. నివేదిక రాశారు, చదివి వినిపించారు, సంతకం పెట్టమన్నారు. పెట్టాను.

ఆ క్షణాన నాలోని మిరపరైతు కొడుకు "తరుగు తీయరా?" అని అడగవలసింది. అడగలేదు. వాన పెద్దదవుతోంది, చివరి బస్సు తప్పిపోతుందన్న తొందర. అడగవలసిన ప్రశ్న అని తెలియకపోవటం మరొక కారణం. 20 కిలోలన్న అంకెకు చట్టంలో ఉన్న అర్థం తరువాత తెలిసింది.

1985 నాటి మాదకద్రవ్యాల చట్టం క్రింద, 2001 నుండి, గంజాయి విషయంలో కిలో లోపు స్వల్ప పరిమాణం. 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. ఆ రెంటికీ మధ్యనున్నదానికి పదేళ్ళ దాకా శిక్ష వేయవచ్చు, న్యాయమూర్తి తలచుకొంటే తక్కువా వేయవచ్చు. వాణిజ్య పరిమాణమైతే పదేళ్ళకు తగ్గటానికి వీల్లేదు, ఇరవై దాకా పోవచ్చు. అంతకన్నా ముఖ్యం బెయిలు. 37వ సెక్షను ప్రకారం, నిందితుడు నేరం చేయలేదని నమ్మటానికి తగిన కారణాలున్నాయనీ, బయటికి వస్తే మళ్ళీ నేరం చేయడనీ న్యాయస్థానానికి తోస్తే తప్ప అతడు జైలు నుండి కదలడు. విచారణ మొదలు కాకముందే నిర్దోషినని నమ్మించటం ఎవరి తరం? నేను సంతకం పెట్టిన ఆ కాగితం మీద 20 కిలోలకు పైనున్నది 600 గ్రాములు. రెండు తడి గోనెసంచులు, టేపు, ఆనాటి వాన కలిస్తే ఎంత బరువుంటుందో ఖమ్మం యార్డులో ఏ హమాలీనైనా అడగండి.

ఇంకొక మాట. ఇదే చట్టం గంజాయికి చెప్పిన నిర్వచనంలో ఉన్నది పూత, కాపు పట్టిన కొసలు మాత్రమే. వాటితో కలిసి లేనప్పుడు ఆకునూ గింజనూ గంజాయి అనరాదని స్పష్టంగా ఉంది. కలిసి ఉంటే మాత్రం అంతా ఒకే కాంటా మీదికెక్కుతుంది.

ఇక నిలవ సంగతి, అనగా మా మిత్రుని ప్రశ్న. మత్తు ఉండేది మొగ్గమీది జిగురులో. దానికి ప్రధాన కారణమైన టీహెచ్‌సీని ఇజ్రాయెల్‌లో మెషూలం, గావొనీ 1964లో విడదీసి చూపారు. వెలుతురు, గాలి, వేడి మూడూ దానికి శత్రువులే. అవి తగిలినకొద్దీ అది మారిపోయి, మత్తు బాగా తక్కువైన కానబినోల్‌గా మిగులుతుంది. మూడింటిలోనూ వెలుతురే ఎక్కువ చెరుపు చేస్తుందని లండనులో ఫెయిర్‌బెయిర్న్ బృందం 1976లో తేల్చింది. మామూలు గది వేడిమిలో ఉంచితే ఏడాదికి 16, 17 శాతం, నాలుగేళ్ళకు 41 శాతం టీహెచ్‌సీ తరిగిపోతుందని మిసిసిపీ విశ్వవిద్యాలయంలో రాస్, ఎల్‌సోలీ లెక్కగట్టారు. అందుకే కెనడావాడు చీకటి అలమరలో గాజుసీసా మూత బిగించి పెట్టుకొంటాడు. మన మాల్ఖానాలో అది రేకుల కప్పు క్రింద, గోనెలో, ఎండాకాలం 45 డిగ్రీల్లోనూ వానాకాలం చెమ్మలోనూ పడి ఉంటుంది.

ఘాటు పోతే పోయింది, పీడా వదిలిందనవచ్చు. నిజమే. చట్టం కూడా ఘాటును తూచదు, బరువునే తూస్తుంది. కాని బరువు ఘాటుకన్నా వేగంగా పోతుంది. పచ్చిమొక్క ఎండితే నాలుగింట మూడు వంతులు నీరే. అరకొరగా ఎండిన సరుకు కూడా మాల్ఖానాలో నెలల తరబడి ఎండుతూనే ఉంటుంది. పట్టుకొన్ననాటి తూకానికీ న్యాయస్థానంలో పెట్టిననాటి తూకానికీ పొంతన కుదరదు.

కుదరకపోతే ఏమవుతుందో నేను బోనెక్కి చూశాను. మూడేళ్ళకు సాక్షిగా పిలుపొచ్చింది. మాల్ఖానా నుండి ఒక సంచి తెచ్చి ముందు పెట్టారు. లక్క సీలు సగం ఊడి ఉంది. అడుగున ఎలుక కొరికిన చిల్లు. లోపల తవుడులాంటి పొడి. "ఆనాడు మీ ఎదుట తూచింది ఇదేనా?" అని ముద్దాయి తరపు వకీలు అడిగాడు. నేను చూసింది పచ్చగా, తడిగా, బరువుగా ఉన్నది. ఎదుటనున్నది అందులో సగం కూడా లేదు. చెప్పలేనన్నాను. కేసు వీగిపోయింది. మీసం రానివాడికి అప్పటికి గడ్డం వచ్చింది. ఆ మూడేళ్ళూ వాడు జైల్లోనే ఉన్నాడు.

వాడు సంచి మోయలేదని నేననను. మోశాడు. దానికి తగిన శిక్ష పడాలి. కాని వాడికి పడింది చట్టం చెప్పిన శిక్ష కాదు, తప్పు తూకం వేసిన శిక్ష. చివరికి దక్కింది న్యాయస్థానం మెచ్చిన విడుదల కాదు, ఎలుక ఇచ్చిన విడుదల. ఈ రెంటిలో దేనివల్లా రాజ్యానికి గౌరవం లేదు.

ఎలుకల మాట వేళాకోళమనుకొనేరు. 581 కిలోల గంజాయిని ఎలుకలు తినేశాయని మధుర పోలీసులు 2022లో న్యాయస్థానానికి విన్నవించుకొన్నారు. 2023లో చెన్నైలో 22 కిలోల కేసులో కొద్దిపాటి నమూనా తప్ప మిగిలిందంతా ఎలుకల పాలైందని చెప్పగా ఇద్దరు ముద్దాయిలు విడుదలయ్యారు. కొండను తవ్వి ఎలుకను పట్టటమన్న సామెతకు ఇంతకన్నా నికరమైన వ్యాఖ్యానం ఉండదు. నిజంగా తిన్నవి నాలుగు కాళ్ళ ఎలుకలో రెండు కాళ్ళవో ఎవరు చెప్పగలరు?

మార్గం తెలియక కాదు. 1989లోనే చట్టంలో 52ఏ సెక్షను చేర్చి, దొంగతనానికీ మార్పిడికీ అవకాశమున్న సరుకును విచారణ తేలేదాకా మోయనక్కరలేకుండా చేశారు. మేజిస్ట్రేటు ఎదుట జాబితా, ఫోటోలు, నమూనాలు తీసి ధ్రువీకరిస్తే అవే సాక్ష్యం, మిగిలింది తగులబెట్టవచ్చు. మోహన్‌లాల్ కేసులో 2016లో సుప్రీంకోర్టు, సరుకు పట్టుకొన్న వెంటనే మేజిస్ట్రేటుకు దరఖాస్తు పెట్టాలని ఆదేశించింది. 2022 డిసెంబరులో కేంద్రం కొత్త నియమాలు తెచ్చింది. గంజాయికి 24 గ్రాముల నమూనా, రెండేసి చొప్పున. ఆ ఏడాది ఫిబ్రవరిలోనే అనకాపల్లి దగ్గర కోడూరులో సుమారు రెండు లక్షల కిలోల గంజాయిని ఒక్కసారిగా తగులబెట్టటం మనం టీవీలలో చూశాం. అయితే 52ఏ పాటించనంత మాత్రాన కేసు కొట్టుబోదని 2025 జనవరిలో సుప్రీంకోర్టే అన్నది. సాంకేతిక లోపంతో నేరస్థుడు తప్పించుకోకూడదన్న వాదన సబబే. కాని ఆ తీర్పు ఠాణాలో అలసత్వానికి వత్తాసు కాకూడదు.

నా అభిప్రాయం క్లుప్తంగా ఇది. పట్టుబడ్డ సరుకును సంచి, టేపు విప్పి తూయాలి. తేమ ఎంతో కొలిచి నివేదికలో రాయాలి. పత్తియార్డులో ఉన్న చిన్న పరికరంలాంటిది ఠాణాకు భారమేమీ కాదు. తూకం 20 కిలోల అంచున ఉన్నప్పుడు మేజిస్ట్రేటు ఎదుట ఆరబెట్టి మళ్ళీ తూయాలి. నమూనా తీశాక మిగిలినదాన్ని వారాలలో కాల్చివేయాలి.

దీనివల్ల దొంగలకు మేలు జరుగుతుందంటారా? లారీలో కొబ్బరికాయల క్రింద 300 కిలోలు తెచ్చేవాడికి తేమ తరుగు తీసినా ఒరిగేదేమీ లేదు, వాడు వాణిజ్య పరిమాణంలోనే ఉంటాడు. పైగా సరుకు కాలిపోయింది కనుక ఎలుకల సాకూ దొరకదు. తరుగు వల్ల తేడా పడేది కూలికి ఒకటి రెండు సంచులు మోసే గూడెపు కుర్రవాడికి మాత్రమే. సంచి కట్టి పంపినవాడు ఏనాడూ కాంటా దగ్గరికి రాడు.

మిత్రునికి తిరిగి ఫోను చేసి చెప్పాను, మా వైపు దాన్ని దాచటం ఎవరికీ సరిగా చేతకాదని. హాస్యమనుకొని నవ్వాడు. నేనేమీ వివరించలేదు. మా నాయన బ్రతికుండగా ఈ సంగతి ఆయనకైనా చెప్పి ఉండవలసింది. ఒక్కటే అడిగేవాడు, "సంచి తరుగైనా తీయమనలేదురా?" అని.